పాతకాలపు వేషధారణతో తీసే శృంగార చిత్రాలకు 3డీ నిజంగా పనికొస్తుందా, లేక టికెట్లు అమ్మే ఎత్తుగడేనా?

ఈ ప్రశ్న వేసినాయన ఫిల్మ్ కోర్సు చదువుతున్నారట. 2011లో హాంకాంగ్‌లో వచ్చిన "3డీ సెక్స్ అండ్ జెన్" ఈమధ్య ఇంట్లో మామూలు టీవీలో చూశారు. 'ప్రపంచంలో మొదటి 3డీ శృంగార చిత్రం' అని దానికి అంత పేరెందుకు వచ్చిందో అర్థం కాలేదన్నారు. రాజుల కాలం నేపథ్యంలో పదిహేను నిమిషాల శృంగార లఘుచిత్రం తీద్దామనుకుంటున్నారు, దాన్ని 3డీలో తీయాలా వద్దా అని అడిగారు.

పదిహేనేళ్లుగా హైదరాబాదులో స్టీరియోగ్రాఫర్‌గా, అంటే 3డీ సినిమాల్లో లోతు సంగతి చూసుకునేవాడిగా పనిచేస్తున్నాను. రిగ్గులు (రెండు కెమెరాలు బిగించే చట్రాలు) మోశాను, కన్వర్జెన్స్ (ఆ రెండు కెమెరాల చూపు కలిసే చోటు) లాగాను, ఆ తర్వాత 2డీ సినిమాల్ని 3డీగా మార్చే పనిలో చీకటిగదుల్లో కళ్లు పాడుచేసుకున్నాను. కాబట్టి, ఆ ప్రశ్న వేసిన మీకు సమాధానం ముందే చెప్పేస్తాను.

3డీ బట్టకు పనికొస్తుంది, ఒంటికి పనికిరాదు. పైట, మేలిముసుగు, దోమతెర, పూసల తెర, జాలీ కిటికీ, చేతికీ చెంపకీ మధ్య వేలాడే జుమికీ. వీటికి 3డీ ప్రాణం పోస్తుంది. అవన్నీ తీసేసి నగ్నంగా నిలబెట్టిన శరీరానికి మాత్రం అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అందుకే శృంగార చిత్రాల్లో 3డీతో ఏదైనా సాధించగలిగే రకం ఉందంటే అది వేషాలు వేసుకున్న రకమే. విచిత్రమేమిటంటే, వాళ్ల ప్రచారమంతా బట్టలు విప్పడం మీదే నడుస్తుంది.

ముందు ఆ 'మొదటి' సంగతి తేల్చేద్దాం. అది మొదటిది కాదు. అమెరికాలో 1969లోనే "ద స్టువార్డెసెస్" అనే శృంగార చిత్రాన్ని 3డీలో తీశారు. లక్ష డాలర్ల చుట్టుపక్కల ఖర్చుతో తీసిన ఆ సినిమా కోట్ల డాలర్లు రాబట్టి, చాలా ఏళ్లపాటు 3డీలో అత్యధిక లాభం తెచ్చిన చిత్రాల్లో ఒకటిగా నిలిచింది. అందులో వేషాలు లేవు, విమానంలో పనిచేసే అమ్మాయిల కథ అది. వేషాలున్నది కావాలంటే 1973 నాటి "ఫ్లెష్ ఫర్ ఫ్రాంకెన్‌స్టైన్" ఉంది. పాతకాలపు కోట, బారన్ గారి దుస్తులు, శృంగారం, రక్తం, అన్నీ స్పేస్ విజన్ అనే 3డీ పద్ధతిలో. ఆ సినిమాలో తెర దాటి ప్రేక్షకుడి ముఖం మీదికొచ్చినట్టు అందరూ గుర్తుపెట్టుకున్నది ఏ అమ్మాయినో కాదు, శూలం చివర వేలాడే లోపలి అవయవాన్ని! ఇది ఎందుకు యాదృచ్ఛికం కాదో కాసేపట్లో చెబుతాను.

ఇంకా వెనక్కి వెళితే 1953 చివర్లో హోవర్డ్ హ్యూస్ సంస్థ 3డీలో వదిలిన "ద ఫ్రెంచ్ లైన్" ఉంది. జేన్ రసెల్ నాయిక. అమెరికా సినిమా పరిశ్రమ సొంత నియమావళి ముద్ర లేకుండానే విడుదల చేశారు, జరిమానా పడింది, కేథలిక్ సంఘాలు చూడొద్దన్నాయి. అంత గొడవకీ మూలం నగ్నత్వం కాదు. అక్కడక్కడా కత్తిరించి ఖాళీలు వదిలిన ఒక డ్యాన్సు డ్రెస్సు. అంటే గొడవ కూడా బట్ట గురించే.

అసలు ఈ సంబంధం సినిమా కంటే పాతది. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు వీట్‌స్టన్ 1838లో స్టీరియోస్కోపు (ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపి లోతు తెప్పించే పరికరం) సూత్రం ప్రకటించాడు. 1851 లండన్ మహాప్రదర్శన తర్వాత ఆ పెట్టె ఇళ్లలోకి వచ్చింది. ఆ వెంటనే పారిస్ స్టూడియోలు రెండు కళ్లకు రెండు బొమ్మల లెక్కన శృంగార చిత్రాలు తీసి అమ్మడం మొదలుపెట్టాయి. ఆ పెట్టె కంతల మీదికి ఆబగా వంగుతున్న వేలాది కళ్ల గురించి ఫ్రెంచి కవి బోదలేర్ 1859లోనే విసుక్కున్నాడు. ఆ కాలపు ఫ్రెంచి పనివాళ్ల నేర్పు ఒకటి నాకు భలే ఇష్టం. పల్చటి కాగితం మీద ముద్రించిన బొమ్మల్లో నగల రాళ్లున్న చోట సూదితో సన్నటి బెజ్జాలు పెట్టేవాళ్లు. వెనకనుంచి దీపం వెలుగు పడగానే నెక్లెసు మెరిసేది. అంటే 3డీలో చూసే కన్ను ముందుగా వెతికేది మెరుపునూ పొరలనూ అని వాళ్లకి అప్పుడే తెలుసు.

హాంకాంగ్ సినిమా దగ్గరికొద్దాం. పదిహేడో శతాబ్దపు చైనా శృంగార నవల ఒకటి ఆధారం (లి యు రాశాడంటారు). అదే నవల మీద 1991లో తీసిన "సెక్స్ అండ్ జెన్" అక్కడ పెద్ద హిట్టు. ఇరవై ఏళ్ల తర్వాత నిర్మాత స్టీఫెన్ షియూ, ఆయన కొడుకు కలిసి క్రిస్టఫర్ సున్ దర్శకత్వంలో 3డీలో మళ్లీ తీశారు. ఖర్చు 30 లక్షల అమెరికన్ డాలర్ల పైచిలుకు అని పత్రికలు రాశాయి. 2011 ఏప్రిల్ 14న విడుదలైంది. హాంకాంగ్‌లో 1988 నుంచి ఉన్న కేటగిరీ 3 ముద్రతో, అంటే పద్దెనిమిది నిండనివాళ్లకు చట్టప్రకారం ప్రవేశం లేకుండా. అయినా మొదటిరోజు వసూళ్లలో అక్కడ "అవతార్" మొదటిరోజును దాటేసింది. చైనాలో దానికి అనుమతి దొరికే మాటే లేదు కాబట్టి అక్కణ్ణించి జనం హాంకాంగ్ వచ్చి మరీ చూశారు.

మీకు అర్థం కాని మర్మం ఇక్కడుంది. శృంగార చిత్రం అప్పటికే హాలు వదిలి ఇంట్లోకి, డీవీడీలోకి, ఇంటర్నెట్లోకి వెళ్లిపోయింది. ఇంట్లో దొరకనిది ఏదో ఒకటి చూపిస్తేనే మనిషి టికెట్ కొని, పక్కింటాయన కంటబడే ప్రమాదం తలకెత్తుకుని హాలుకొస్తాడు. 2011లో చాలామందికి ఇంట్లో దొరకనిది 3డీ ఒక్కటే. కాబట్టి 'టికెట్లు అమ్మే ఎత్తుగడేనా' అనే సగం ప్రశ్నకి నా సమాధానం: అవును, ఎత్తుగడే. కానీ మిగతా సగం ఉంది, నాకు ఆసక్తి అక్కడే.

మన పెళ్లిళ్లలో జీలకర్రా బెల్లం పెట్టేముందు వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకుంటారు కదా. ఆ తెర ఇటు ఒక లోతు, అటు ఒక లోతు. చూసేవాళ్లందరి మనసూ ఆ రెండింటి మధ్య ఉన్న జానెడు ఖాళీలో ఉంటుంది. 2డీ కెమెరాకి ఆ జానెడు కనపడదు, తెరా ముఖమూ ఒకే అట్ట మీద అతికించినట్టుంటాయి. 3డీ కెమెరాకి కనిపించేది ముఖ్యంగా ఆ జానెడే. ముందు పొర, వెనక పొర, మధ్యలో గాలి. మేలిముసుగు వెనక ముఖాన్ని 3డీలో సరిగ్గా తీస్తే హాల్లో ఊపిరి బిగపట్టడం వినబడుతుంది. నేను విన్నాను. అది ఒక చారిత్రక సినిమా పాట. నాయిక పల్చటి జరీ పరదా పక్కకి జరపడం తప్ప ఆ షాట్‌లో ఏమీ లేదు.

మరి ఒంటితో ఇబ్బందేమిటి? మూడు నాలుగు ఉన్నాయి. ముఖ్యమైనదాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఫ్రేము అంచు. 3డీలో తెర ఒక కిటికీ లాంటిది. వస్తువు కిటికీకి అవతలైనా ఉండొచ్చు, ఇవతలకైనా రావొచ్చు. ఇవతలకొచ్చిన వస్తువు ఫ్రేము అంచుకి తగిలి తెగితే మాత్రం మెదడు తికమకపడుతుంది. లోతు చెప్పే లెక్క ప్రకారం అది కిటికీకి ఇవతలుంది, కానీ కిటికీ చట్రమే దాన్ని కప్పేస్తోంది. ఇది జరిగే పని కాదు కాబట్టి ఆ భ్రమ అక్కడికక్కడే కూలిపోతుంది, తల నొప్పెడుతుంది. ఇప్పుడు ఆలోచించండి. శృంగార చిత్రంలో శరీరం క్లోజప్పుల్లో దాదాపు ప్రతిసారీ ఫ్రేము అంచులకు తెగే ఉంటుంది. భుజం దగ్గరో, నడుం దగ్గరో. కాబట్టి దాన్ని తెర ఇవతలకి తేలేం, లోపలే ఉంచాలి. పోస్టరులో 'మీ ఒళ్లో వాలుతుంది' అని రాసుకున్నది సాంకేతికంగా కుదరదన్నమాట. ఒళ్లో వాలగలిగేవి నాలుగు అంచులకీ తగలని చిన్న వస్తువులు: పూరేకు, బాణం, జడపిన్ను, గాల్లో ఎగిరే చెంగు చివర. లేదా శూలం చివర ఆ అవయవం. ఇందాక యాదృచ్ఛికం కాదన్నది అందుకే. మా చిన్నప్పుడు "చిన్నారి చేతన" అనే 3డీ సినిమాలో వస్తువులు మీదికొస్తుంటే చేతులు చాచి పట్టుకోబోయాం. అవన్నీ చిన్న వస్తువులే, గమనించండి.

దూరంనుంచి తీసే లెన్సు. శృంగార దృశ్యాల్ని సినిమావాళ్లు తరతరాలుగా పెద్ద లెన్సుతో, దూరంనుంచి, వెనకంతా మసకబారేలా తీస్తున్నారు. నటులకి కాస్త మరుగు దొరుకుతుంది, చర్మం మెత్తగా కనబడుతుంది. 3డీలో ఆ లెన్సు పెడితే మనిషి అట్టముక్కలా తయారవుతాడు. ముక్కూ చెవులూ ఒకే తలంలో, ఆ తలం వెనక ఖాళీ, ఆ వెనక ఇంకో అట్ట. గుండ్రదనం రావాలంటే వెడల్పు లెన్సు పెట్టి దగ్గరికి వెళ్లాలి. మేం వాడే మోటులెక్క ఒకటుంది. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో అందులో ముప్పయ్యో వంతు రెండు లెన్సుల మధ్య ఎడం. ముఖం 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఎడం 20 మిల్లీమీటర్లు. మన కళ్ల మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు ఉంటుంది. దగ్గరి షాట్‌కి అదే ఎడం పెడితే లోతు మితిమీరి కళ్లు లాగేస్తాయి, పైగా మనిషి బొమ్మలకొలువులో బొమ్మంత కనిపిస్తాడు.

రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే వాటి శరీరాలే అడ్డొస్తాయి, 20 మిల్లీమీటర్ల ఎడం రాదు. అందుకే సగం వెలుగు పంపి సగం ప్రతిఫలించే అద్దంతో రిగ్గు కట్టి, ఒక కెమెరా అద్దం గుండా, ఇంకోటి అద్దంలో చూసేలా పెడతాం. చిన్న ఫ్రిజ్జంత ఉంటుంది. దాన్ని నటుల ముఖాలకి రెండడుగుల దూరంలో నిలబెట్టి, దాని చుట్టూ కెమెరామన్, ఫోకస్ పుల్లర్, కన్వర్జెన్స్ లాగేవాడు, రిగ్ టెక్నీషియన్, మానిటర్ దగ్గర నేను... ఇంతమంది మధ్య 'సహజంగా ఉండమ్మా' అంటే ఏ నటి ఉండగలదు? మామూలుగా ఇలాంటి దృశ్యాలకి సెట్లో మనుషుల్ని కుదిస్తారు. 3డీలో కుదించడానికి వీలే ఉండదు. దీన్ని చాలామంది దర్శకులు షూటింగ్ రోజు పొద్దున దాకా ఆలోచించరు.

దొంగతనం దొరికిపోతుంది. ఫైటు సీన్లో దెబ్బ చెంపకి తగలకుండానే తగిలినట్టు చూపిస్తాం కదా, పెద్ద లెన్సు పెట్టి, కోణం చూసుకుని. శృంగార దృశ్యాల్లోనూ అంతే. ఇద్దరి మధ్యా దిండో, చర్మం రంగు బట్టో, జానెడు ఎడమో ఉంటుంది. 2డీలో కనబడదు. 3డీలో ఆ జానెడు మీటరు పెట్టి కొలిచినంత స్పష్టంగా కనబడుతుంది. విగ్గు అంచు నుదుటి మీద పొరలా లేస్తుంది. వెనక గోడ మీద రంగులతో వేసిన తోట, గోడ మీద వేసిన తోటగానే కనిపిస్తుంది. గుప్పిట మూసినంతసేపే గుట్టు అంటారే, 3డీ ఆ గుప్పిట తెరిచేస్తుంది.

ఇక బట్టలకి 3డీ మేలు చేస్తుందన్నాను కానీ ఉచితంగా చేయదు. నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే.

పదేళ్ల కిందటి మాట. ఒక జానపద చిత్రానికి అంతఃపురం పాట. నాయిక ఒంటి మీద ఎర్రంచు కంచి పట్టు, టెంపుల్ నగలు, చుట్టూ ఇత్తడి దీపపు సెమ్మెలు, నేల మీద నీళ్లు. మానిటర్లో రెండు బొమ్మలూ విడివిడిగా చూస్తే కన్నుల పండుగ. రాత్రి అద్దాలు పెట్టుకుని ప్రొజెక్షన్ చూస్తే జరీ అంతా గజిబిజిగా తళుకుమంటోంది, నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టున్నాయి. రెండు నిమిషాల్లో అందరం కళ్లు నులుముకున్నాం. తప్పెక్కడంటే రిగ్గులోని అద్దంలో. ప్రతిఫలించిన వెలుగు తరంగం ఊగడానికి ఒక దిశ ఉంటుంది, దాన్నే ధ్రువణం అంటాం. నీళ్లు, పట్టు, చెమటపట్టిన చర్మం, లక్క, ఇత్తడి మీంచి వచ్చే మెరుపులో ఆ దిశ ఎక్కువో తక్కువో ఉంటుంది. అద్దం ఒక దిశ వెలుగుని ఒక కెమెరాకి ఎక్కువ పంపుతుంది, రెండోదాన్ని ఇంకో కెమెరాకి. దాంతో ఎడమ కంట్లో మెరిసే జరీపోగు కుడి కంట్లో మెరవదు. మెదడు ఏ కన్ను చెప్పింది నమ్మాలో తెలియక కొట్టుకుంటుంది.

వేషాల సినిమా అంటేనే మెరుపు. శృంగార దృశ్యమంటే నూనె రాసిన చర్మం, నీళ్లు, దీపాలు. అంటే 3డీ రిగ్గుకి ఏవి పడవో అవన్నీ ఏరి కోరి ఒకేచోట పేర్చడమే ఈ రకం సినిమా! మందు ఉంది. అద్దానికి ముందు, రిగ్గు ముఖం మీద, క్వార్టర్ వేవ్ ప్లేట్ అనే పల్చటి పొర బిగిస్తే ఆ దిశ తేడా చాలావరకు చెదిరిపోతుంది. ఆ పాటకి మా దగ్గర అది లేదు. మిగతా రోజులకి బొంబాయినుంచి తెప్పించాం. మొదటిరోజు పనిలో సగం కంప్యూటర్ మీద ఒక్కో మెరుపూ తుడిచి సరిచేయాల్సి వచ్చింది. నిర్మాతగారు నాతో మూణ్ణెల్లు సరిగా మాట్లాడలేదు, ఆయన తప్పు లేదు.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. అద్దం సగం వెలుగు తినేస్తుంది కాబట్టి సెట్లో దీపాలు రెట్టింపు పెట్టాలి. హాలులో మళ్లీ కోత. 2డీ తెర వెలుగుకి ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు. 3డీలో కళ్లద్దాల వెనక నాలుగున్నర వస్తే గొప్ప. కొవ్వొత్తి వెలుతురులో రాణీగారి పడకగదిని ఎంత అందంగా తీసినా హాల్లో బొగ్గుగనిలా ఉంటుంది. చర్మం రంగు బూడిద తిరుగుతుంది. మన ఛాయలవాళ్లకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఎరుపూ నీలమూ అట్ట కళ్లద్దాల పద్ధతైతే అసలు ఆలోచించకండి. అందులో ఎర్రచీర ఒక కంటికి తెల్లబడుతుంది, ఇంకో కంటికి నల్లబడుతుంది. పెళ్లికూతుర్ని ఆ పద్ధతిలో చూపించడమంత పాపం లేదు.

మామూలుగా తీసి తర్వాత 3డీగా మార్చుకుంటే సరిపోదా అని మీరు అడగకముందే చెబుతాను. మనుషులకీ గోడలకీ సరిపోతుంది. మేలిముసుగుకి సరిపోదు. మార్చేటప్పుడు బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక లోతు ఇస్తాం. ముసుగు ఉన్నచోట ఒకే చుక్కలో ముసుగూ ఉంది, వెనక చెంపా ఉంది. ఏ లోతు ఇవ్వాలి? రెండింటినీ విడదీసి రెండు పొరలుగా మళ్లీ గీయాలి. విడిపోయిన జుట్టుదీ అదే గొడవ. నాలుగు సెకన్ల ముసుగు షాట్ మీద ఇద్దరు కుర్రాళ్లు రెండు వారాలు కూర్చోవడం నేను చూశాను. 3డీ దేనివల్ల బాగుంటుందో సరిగ్గా అదే మార్పిడిలో పోతుంది.

మన దగ్గర కాకతీయుల కథతో 2015లో "రుద్రమదేవి" 3డీలో వచ్చింది. శృంగార చిత్రం కాదు గానీ, వేషం వేసుకోవడమే కథగా ఉన్న సినిమా. ఆడపిల్లని మగవేషంలో పెంచడం. పట్టూ నగా స్తంభమూ 3డీలో ఎలా కూర్చుంటాయో చూడ్డానికి మీలాంటివాళ్లకి మంచి పాఠం. వీలైతే 3డీ కాపీ ఎక్కడైనా వెతికి చూడండి. టీవీలో చూసి తీర్పు చెప్పొద్దు. హాంకాంగ్ సినిమా విషయంలో మీరు చేసింది అదే.

సరే, మీ పదిహేను నిమిషాల చిత్రం. ముందు ఎక్కడ చూపిస్తారో తేల్చుకోండి. ఎల్‌జీ, సోనీ కూడా 2017లో 3డీ టీవీలు మానేశాయి. మామూలు ఫోనులో 3డీ లేదు. హాలు దొరకాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, శృంగారం మోతాదుని బట్టి అదో తలనొప్పి. తలకి తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్‌లో చూసే 180 డిగ్రీల పద్ధతి ఉంది, ఈ రకం చిత్రాల వ్యాపారం ఎక్కువగా అటే పోయింది. కానీ అందులో ఫ్రేము లేదు, కోతలు కష్టం. అది వేరే విద్య.

హాలే అనుకుంటే 3డీలో తీయండి, ఒక షరతు మీద. కథ మొత్తం పరదాలు తొలగడం దగ్గర ఆగాలి, తొలగిపోయాక ఏముందో అన్నదాని మీద కాదు. లెన్సులు 24, 32 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. తెర వెడల్పు ముందే లెక్కలో పెట్టుకోండి. 12 మీటర్ల తెర మీద 2కే బొమ్మలో (అడ్డంగా 2,048 చుక్కలు) ఒక్కో చుక్కా దాదాపు 6 మిల్లీమీటర్లు. వెనక వస్తువుల ఎడమకంటి బొమ్మకీ కుడికంటి బొమ్మకీ మధ్య తెర మీద ఎడం 65 మిల్లీమీటర్లు దాటితే ప్రేక్షకుడి కళ్లు బయటికి తిరగాలి, అవి తిరగవు. అంటే మీ చేతిలో ఉన్నది 11 చుక్కలు, అంతే. చిన్న మానిటర్లో బాగుందని ఇరవై చుక్కలు పెట్టేసి హాలుకెళ్లి ఏడ్చినవాళ్లని చూశాను.

ఇంకొకటి. బట్టలు కొనేముందు ఒక్కో రకం గుడ్డా మూరెడు తెచ్చి, సెట్లో వాడే దీపాల వెలుగులోనే రిగ్గు ముందు వేలాడదీసి, గాలికి ఊపి, అద్దాలు పెట్టుకుని పెద్ద తెర మీద చూడండి. జరీ ఒక కంట్లోనే మెరిస్తే, క్వార్టర్ వేవ్ ప్లేట్ పెట్టినా మెరుపు కుదరకపోతే, ఆ చీర మీ అమ్మగారి పెళ్లిచీరైనా సరే బీరువాలో పెట్టేయండి. నేత చీరల్లో జరీ లేని పల్చటి నూలు రకం, వెనకనుంచి వెలుగు పడితే 3డీలో ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. నా అనుభవంలో పట్టుకంటే అదే నెగ్గింది.